గంగాళంలో గుట్ట తాబేలు

తెలంగాణ ఉద్యమం సాగుతున్న రోజుల్లో దేవరుప్పుల రోడ్డు మీద వంటావార్పు చేస్తున్నాం. రాష్ట్రం ఇవ్వడంలో ఢిల్లీ వాళ్లు తాబేలులా నడుస్తున్నారని చూపడానికి మా నాయకుడు ఒక తాబేలును తెప్పించాడు. విలేకరులు వచ్చేదాకా ఉండనీ అని నీళ్లు నిండిన గంగాళంలో వేశాడు.

"అన్నా, గిది గుట్ట తాంబేలు. చెరువు తాంబేలుకు వేళ్ల నడుమ తోలుంటది. దీనియి ఏనుగు లెక్క మొద్దు కాళ్లు. మునిగి సస్తది" అన్నాను.

"తాంబేలుకు ఈత నేర్పనీకె వచ్చినవా అక్కా? పోయి అన్నం మాడకుండ చూడు" అన్నాడు. అందరూ నవ్వారు.

కాసేపటికి అది నిజంగానే మునిగింది. గరిటె పారేసి బయటికి తీశాను. నోట్లోంచి నీళ్లు కారాయి. ఎంతోసేపటికి ఒక కాలు కదిలింది. అప్పుడే కెమెరా వచ్చింది. నాయకుడు నా పక్కన చేరి, తాబేలు మీద చేయి వేసి పళ్లికిలించాడు. ఫొటో అయ్యాక దాన్ని గుట్ట పొదల్లో వదిలి వచ్చాను.

మర్నాడు పేపర్లో నా బొమ్మ పడిందని ఆ ముక్క దాచుకున్నాను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకుని, బొమ్మ కింది మాటలు కూడబలుక్కుంటూ చదివాను. ‘తాబేలు ప్రాణం కాపాడిన నాయకుడు’ అని ఉంది.

తాబేళ్లలో తేడా తెలియకపోవడం తప్పు కాదు. చెప్పినవాళ్లను చూసి నవ్వి, వాళ్లు చేసిన పనిని తన పేర రాయించుకునేవాడిని ఏమనాలి? ఆ ముక్కతో పొయ్యి అంటించాను.