గుడ్డలో మిగిలిన ఇసుక

గుడి వాకిట విభూతి అమ్మే ఉలగమ్మై అంగడి వీధిలో గెలిచిన తగాదా నా కళ్లారా చూశాను. కొట్టు నడిపే అంబలవాణన్ సుద్దపిండిలో అత్తరు కలిపి విభూతి అని అమ్ముతుంటే నిలదీసింది.

"దేవుడి సొమ్మంతా నీ పొయ్యిలోనే పుడుతుందా?" అన్నాడు వాడు.

ఉలగమ్మై తన బుట్టలోంచి చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. "నాది నేను మింగాను. నీది నువ్వు మింగు తమ్ముడూ."

వీధంతా నవ్వింది. వాడు మింగలేదు, మూట కట్టేశాడు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఆమె విభూతికి పేడ మా ఆవుదే. నేల తాకకముందే నేను ఆకులో పట్టి, ఉండలు చేసి ఇవ్వాలి. ఆమె వాటిని ఎండబెట్టి, శివరాత్రికి ఊకలో కాల్చి, పలచటి గుడ్డలో జల్లించేది.

"రోజూ ఈ బూడిద పూతలెందుకే?" అని ఒకసారి అడిగాను.

"కాలేవన్నీ కాలాక మిగిలేది ఇదే అక్కా. దీన్ని మళ్లీ కాల్చలేరు. నేను, నాది అన్నదీ ఇలాగే కాలాలని గుర్తుకి."

"నాది కాలదులేవే, పచ్చికట్టె!" అన్నాను.

ఆ ఏడు మార్గళి నెల చలికి నా మోకాళ్లు వాచాయి. తెల్లవారుజామున ఆవు వెనక ఆకు పట్టుకుని నిలబడలేను. చేతకాదని చెప్పడానికి నోరు రాలేదు. కొట్టం నేల మీది పేడే గోకి, ఉండలు నున్నగా చేసి ఇచ్చాను. ఆమె కళ్లకద్దుకుని తీసుకుంది.

ఆ ఏడు గుడి వాకిట ఆమె బుట్ట కనబడలేదు. "ఒంట్లో బాగాలేదక్కా" అంది. నమ్మడం నాకు సుఖంగా ఉండి నమ్మాను. ఏడాదంతా గంజే తాగింది. చెంబెడు మజ్జిగ పోసి, ధర్మం చేశానని మురిశాను కూడా. సిగ్గులేని జన్మ.

ఇప్పుడు మంచాన పడింది. మొన్న నన్ను పిలిపించి అటక మీది కుండ దింపించింది. నిండా ఆ ఏడాది బూడిదే. చిటికెడైనా అమ్మలేదు.

"మట్టి కాలదక్కా. జల్లిస్తుంటే గుడ్డలో ఇసుక మిగిలింది. అప్పుడే తెలిసింది."

"మరి నన్నెందుకు అడగలేదే? అంబలవాణన్‌ని నలుగురిలో కడిగేశావుగా!"

"వాడు పరాయివాడు. నువ్వు అక్కవి."

ఆమె దిండు కింద నుంచి జల్లించే గుడ్డ తీసి నా ఒళ్లో పడేసింది.

"అమ్మడానికి పనికిరాదు, నాకు చాలు. నీ చేత్తో జల్లించు. నేను పోయాక నా నుదుట ఇదే పెట్టు. ముందు మాత్రం, చిటికెడు నువ్వు నోట్లో వేసుకో."