నల్లి బొక్క తెచ్చిన మౌనం

ఎమ్మెస్సీ చదివే ఆ రోజుల్లో లోకంలోని ప్రతి గొడవకూ జవాబుగా నా దగ్గర ఒక పురుగు ఉండేది. హైదరాబాద్‌లో, ప్రయోగశాలలో, కంటికి ఆనని పురుగులను పెంచేదాన్ని. ఒక జన్యువు నోరు నొక్కే ఆర్‌ఎన్‌ఏను బాక్టీరియాలో పెట్టి మేతగా వేస్తే, ముందు పేగులో ఆ జన్యువు మూగబోతుంది. ఆ మౌనం కణం నుంచి కణానికి పాకి ఒళ్లంతా కమ్ముకుంటుంది. పుట్టే పిల్లలకూ అంటుతుంది (పాపం, అవి ఆ మేత ముట్టకపోయినా). సెలవులకు స్టేషన్ ఘన్‌పూర్ వస్తే, మా ఇంట్లోనూ అదే ప్రయోగం నడుస్తోంది.

మేం కొత్త ట్రాక్టర్ కొన్న దావత్‌లో మా మేనత్త భర్తకు నల్లి బొక్క, అదే మూలుగ నిండిన మటన్ ఎముక, వెయ్యలేదట. (అల్లుడి కంచంలో అది పడకపోతే మా వైపు దావత్ అయినట్టే కాదు.) అత్త అలిగి మాటలు బంద్ పెట్టింది. పంతానికి నాయినా పెట్టాడు. ఆయన్ను చూసి అమ్మ, అమ్మను చూసి చిన్నమ్మ, చివరికి ఆ రోజు ఊళ్లోనే లేని తమ్ముడు కూడా! మధ్యలో నలిగింది మాత్రం అత్తను కన్న మా అవ్వ.

"పక్క గల్లీల ఉన్న బిడ్డ మొకం సూడనిస్తలేరు. నేనేం జేసిన?" అని కళ్లొత్తుకుంది. పురుగుల సంగతంతా చెప్పాను.

"గా పురుగులల్ల మొండిది ఒక్కటన్న లేదా?"

"ఉన్నదవ్వా. దాని కణాలకు ఆ మౌనం దూరే తలుపే ఉండది."

"అసొంటిది మనింట్ల పుట్టకపాయె," అని నిట్టూర్చింది. నాకు ఒళ్లు మండింది. పుట్టి ఎదురుగా కూర్చుంటే కనబడదా!

ఆదివారం కూర దించగానే నల్లి బొక్క స్టీలు గిన్నెలో వేసుకుని, అవ్వ చెయ్యి పట్టుకుని బయల్దేరాను.

"గా ఇంటికి పోయినవంటే నాతోని గూడ మాటలు బంద్!" నాయిన అరిచాడు.

"పెట్టుకో నాయినా. నాకు తలుపు లేదు!" (ఆయన అయోమయంగా మా వీధి తలుపు వైపు చూశాడు.)

అవ్వను చూసి అత్త మూతి ముడవబోయి, బోరుమని ఏడ్చేసింది. నేను గిన్నె మామ ముందు పెట్టాను. ఆయన బిత్తరపోయాడు.

"డాక్టర్ నాకు మటన్ బంద్ వెట్టిండు గదనె! గా దినం నేనే వద్దన్న. అందరు మూతులు ముడుసుకుంటే, ఏమైందో ఏమో అని నేను గూడ ముడుసుకున్న!"

ఆ బొక్కను అవ్వ, బిడ్డ పక్కన కూర్చుని, తీరిగ్గా జుర్రింది. అదే గిన్నెలో అత్త పోసిచ్చిన పాయసం తాగాక గానీ నాయిన నాతో పలకలేదు.

అవ్వ ఇప్పుడు లేదు. ఎవరైనా అలిగితే నేనూ పెద్దమనిషిలా "మనకెందుకులే" అని ఫోను పక్కన పెట్టేస్తున్నాను. నాకా తలుపు ఎప్పుడు మొలిచిందో తెలియదు. మొన్న చెల్లెతో మాటా మాటా వచ్చి మాటలు బందయ్యాయి. అల్మారాలో ఆ స్టీలు గిన్నె చూస్తే నవ్వొచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది. ఈ ఆదివారం మటన్ తెస్తున్నాను. నల్లి బొక్క చెల్లెకే.