కూత మార్చిన కృప

కబడ్డీలో కూతకు పోయే మనిషి ఒక్క ఊపిరిలో "కబడ్డీ, కబడ్డీ" అంటూ ఎదుటివాళ్ల బరిలోకి దూరాలి, తాకాలి, ఊపిరి తెగకముందే తిరిగి రావాలి. వేరే మాట అంటే కూత చెల్లదు, పాయింటు ఎదుటివాళ్లది. ఆర్మూర్‌లో ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. కృపకు అందరికంటే బాగా తెలుసు.

కృప ఆశమ్మ బిడ్డ. తల్లీబిడ్డలిద్దరూ మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఏరే కూలీలు. సాయంత్రం కాగానే కృప పచ్చటి చేతులతోనే మైదానానికి ఉరికేది. ఆమె తాకిందా లేదా అని ఎవరూ కొట్లాడేవారు కాదు. తాకినచోట చెమటకు తడిసిన అంగీ మీద ఐదు పచ్చటి వేళ్లు కనిపించేవి.

2006లో బాల్కొండ జట్టుతో ఫైనల్. ఆ ఆట చూసి రాష్ట్ర జట్టుకు పిల్లలను ఎంపిక చేస్తారు. అందులో ఆడితే సర్టిఫికెట్, అది ఉంటే ఆటల కోటాలో పోలీసు నౌకరి. "నా బిడ్డ పోలీసు టోపీ పెట్టుకుంటది" అని ఆశమ్మ వాడంతా చెప్పేసింది.

టోర్నమెంటు చిన్నన్న తండ్రి పేరు మీద. చిన్నన్న యార్డులో పసుపు కొని అమ్మే అడ్తిదారు, పార్టీకి మండల అధ్యక్షుడు, కబడ్డీ సంఘానికీ అధ్యక్షుడు. కుర్చీలు మూడు, కూర్చునే మనిషి ఒక్కడే. ఆ వారమే యార్డు ఆడవాళ్లు కూలి పెంచాలని పని ఆపేశారు. "పోతె పోండ్రి, ఆలూర్ నుంచి కూలీలను తెచ్చుకుంట" అన్నాడు చిన్నన్న.

ఆట మొదలుకాక ముందు ఆయన నలభై నిమిషాలు మాట్లాడాడు. పార్టీ చేసిన మేలు, చేయబోయే మేలు, రాబోయే ఎన్నికలు, గుర్తు. చివరికి వేలెత్తి, "ఆటల రాజకీయం తేవద్దు బిడ్డా!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. స్కోరు రాసేది నేనే, నా బల్ల ఆయన కుర్చీ పక్కనే ఉండె.

మొదటి కూతకు కృప పోయింది.

"కూలీ… కూలీ… కూలీ…"

రిఫరీ ఎంకటి సార్ విజిల్ ఊదాడు. "ఏందే గది?"

"కూత సార్."

"కబడ్డీ అనాలె!"

"కబడ్డీ అంటె కడుపు నిండుతదా సార్?"

పాయింటు బాల్కొండకు పోయింది. ఇప్పుడు బాల్కొండ పిల్ల స్వర్ణలత కూతకు రావాలి. ఆమె తల్లి కూడా మా యార్డుకే పనికి వచ్చేది. ఆ పిల్ల గీత దాటి, కృప మొహం చూసి నవ్వి, "కూలీ… కూలీ…" అని మొదలుపెట్టింది. మళ్లీ విజిల్. పాయింటు మాకు.

అట్లా ఆ ఇద్దరే మార్చి మార్చి కూతకు పోతూ సాగింది ఫైనల్. ఎవరూ ఎవరినీ తాకలేదు, రెండు జట్లకూ పదకొండేసి పాయింట్లు వచ్చాయి. చిన్నన్న చేతిలో సోడా గ్యాసు పోయి చప్పబడింది.

ఆఖరి కూత కృపది. ఎంకటి సార్ దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: "జర ఇను బిడ్డా. ఒక్కసారి కబడ్డీ అను. జట్టుల నీ పేరు నేనే రాస్త."

జనంలోంచి ఆశమ్మ మొత్తుకుంది. "అనవే! మా కూలి మేం చూస్కుంటం, నీ నౌకరి పోతది!"

కృప తల్లి వైపు చూసింది. ముక్కు తుడుచుకుంది. పోయింది.

"కూలీ… కూలీ…"

ఈసారి విజిల్ మోగినా ఆగలేదు. బరి చివరి దాకా పోయి, ఊపిరి తెగకుండా తిరిగొచ్చింది. అంత పొడుగు కూత నేను మళ్లీ వినలేదు. పుస్తకంలో దానికి సున్నా వేశాను. ఆ ఒక్క పాయింటుతో కప్పు బాల్కొండకు పోయింది.

ఆటలోకి రాజకీయం తెచ్చినందుకు కృపకు మూడేళ్ల నిషేధం. స్వర్ణలత కప్పు గెలిచిన జట్టు పిల్ల కాబట్టి ఆమె కూత ఎవరి చెవినా పడలేదట. నిషేధం రాసిన కాగితం మీద చిన్నన్న ఫోటో ఉంది, మెడలో పార్టీ కండువాతో. కింద సాక్షి సంతకం నాది.

ఎన్నికలు దగ్గరపడగానే చిన్నన్న తానే కూలి పెంచి, "కూలీల పెన్నిధి" అని యార్డు గేటుకు తన బొమ్మ కట్టించుకున్నాడు. కృప పోయి అడిగింది.

"కూలి పెంచినవ్ గద పటేలా, ఇగ నా శిక్ష తియ్యి."

"గది రాజకీయం బిడ్డా, గిది ఆట. రెండు కలపద్దు."

నిషేధం తీరేసరికి నౌకరికి వయసు దాటిపోయింది. ఆశమ్మ వాడలో టోపీ మాట ఎత్తడం మానేసింది. కృప పొద్దున కొమ్ములు ఏరుతూ, సాయంత్రం యార్డు షెడ్డు వెనుక ఆడపిల్లలకు ఆట నేర్పింది. మొదటి పాఠం ఊపిరి.

2009 నాటికి ఊళ్లో ఆడగలిగిన పిల్లలంతా ఆమె నేర్పిన పిల్లలే. చిన్నన్నే వచ్చాడు. "టోర్నమెంటుకు నీ పిల్లలను తోలియ్యి. పేపరోళ్లు వస్తున్నరు."

"తోలిస్త. గని నీ ఉపన్యాసం ఒక్క ఊపిరిల అయిపోవాలె. విజిల్ నా చేతిల ఉంటది."

పరాచికం అనుకుని ఆయన సరేనన్నాడు. ఆ రోజు మైకు పట్టుకుని, "పెద్దలకు, అక్కలకు, తమ్ముళ్లకు, మా నాయన ఆశీస్సులతోటి, మా పార్టీ…" అన్నాడు. అక్కడ ఊపిరి పీల్చాడు.

విజిల్ మోగింది.

"కూత తెగింది పటేలా. గీత దాటి కూసో."

మైదానమంతా పగలబడి నవ్వింది. ఆశమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా బల్ల పక్కన నిలబడి అన్నది: "విజిల్ మంచిగనే ఊదుతది సార్. నెత్తిన టోపీ ఉంటె ఇంకా మంచిగుంటుండె."

నేను తల ఎత్తకుండా స్కోరు పుస్తకంలో గీతలు కొట్టుకుంటూ కూర్చున్నాను.