సైరన్ లేని రాకెట్

ఆ పాత అంతరిక్ష సినిమా మళ్ళీ విడుదలవుతోందట. దాని సంగీతం ముందే నా ఫోన్‌లోకి వచ్చేసింది. వింటుంటే ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని మా రైల్వే క్వార్టర్ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు కూడా అది ఒకసారి మళ్ళీ హాలుకొచ్చింది. వారం ముందే అక్క పక్కింటి దీదీని అడిగి ఆ సంగీతం క్యాసెట్ తెచ్చి, రెండు టేప్ రికార్డర్లు ఎదురెదురుగా పెట్టి, తలుపు గడియ వేసి రికార్డు చేసింది.

"నోరు మూసుకోని కూకో. ఊపిరి కూడా గట్టిగా తియ్యకు," అంది నాతో.

సరిగ్గా రాకెట్ లేచే చోట నాన్న పనిచేసే రైల్వే వర్క్‌షాపు వదిలే సైరన్ మోగింది. ఆ పాట అయ్యేలోగా నాన్న సైకిల్ బెల్లు, వెనకే ఆయన గొంతు: "తలుపేసీసినారేటమ్మా? తియ్యండి!"

టేపు పాడైందని అక్క ఏడ్చింది. నేను మాత్రం అది విని విని, రాకెట్లు సైరన్‌తోనే లేస్తాయనుకున్నాను. హాల్లో రాకెట్ ఊరికే ఎగిరిపోతుంటే నాన్న చొక్కా లాగి, "నాన్నా, సైరన్ మర్సిపోనారు!" అని అరిచాను. ఆయన ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నాడు.

ఫోన్‌లో సంగీతం ఎంతో శుభ్రంగా ఉంది. రాకెట్ లేచే చోట చెవులు రిక్కించాను. సైరన్ రాలేదు. తలుపు తియ్యమని ఎవరూ పిలవలేదు.