వస్ఫియ్యా ఇంట్లో చల్లారిన కాఫీ

వస్ఫియ్యా ఎవరి మాటా వినదని మా ఊరు ఖిర్బెత్ మర్జంలో చిన్నాపెద్దా అందరూ అనేవారు. అది నిజం కాదు. అందరి మాటా శుభ్రంగా వినేది, విని తనకు తోచిందే చేసేది.

అరవై రెండేళ్ళ మనిషి. ఒక గుహలో పుట్టి పక్క గుహలోకి కోడలిగా వచ్చింది. ముప్పై ఏడు మేకలు, నాయిఫ్ అనే ఒక కొడుకు, భర్త ముత్లక్ గడ్డపారతో తొలిచిన వాననీటి బావి, ఇవీ ఆమె ఆస్తి. పైగుట్ట మీద యూదుల కాలనీ, అదే సెటిల్‌మెంట్, వెలిసిన కొత్తలో ఎవరో ఆ బావిని రాళ్ళతో పూడ్చేశారు. మగవాళ్ళంతా లాయరు కోసం ఖలీల్ పట్నం వెళ్ళి తిరుగుతుంటే, ఈవిడ నడుముకు తాడు కట్టుకుని బావిలోకి దిగి పదకొండు రోజులు రాళ్ళు మోసింది. పన్నెండో రోజు లాయరు తీరిగ్గా వచ్చి, బావిలోకి తొంగిచూసి, బావి బాగానే ఉందిగా, ఇంక కేసేముందన్నాడు. అప్పుడు ఆవిడ పెట్టిన తిట్లు తలుచుకుని ఊళ్ళో ఆడవాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటారు.

అలాంటి మనిషికి తిర్జా స్నేహితురాలైంది. తిర్జా యూదురాలు, సరిహద్దు అవతల బీర్‌షెబాలో నర్సుగా చేసి రిటైరైంది, మా భాష బాగా వచ్చు. మేకల కాపర్ల వెంట యూదులు కూడా నడిస్తే పైగుట్ట వాళ్ళు కొంచెం జంకుతారని, ఆమెలాంటి వాళ్ళు కొందరు అప్పుడే రావడం మొదలుపెట్టారు. మొదటిసారి వచ్చినప్పుడు ముత్లక్ కాఫీ పోసి ఇచ్చాడు. ఆమె కళ్ళద్దాలు తుడుచుకోవడానికి కప్పు కింద పెట్టింది. ముత్లక్ గుండె గుభేలుమంది. మావైపు అతిథి తాగకుండా కప్పు కింద పెట్టాడంటే ఏదో పెద్ద కోరికతో వచ్చాడని అర్థం. "తాగండి, మీరొచ్చిన పని అయినట్టే" అని ఇంటివాళ్ళు అనేదాకా ముట్టడు. అనకపోతే ఆ ఇంటి పరువు పోయినట్టే. అందుకని ముత్లక్ ముందూ వెనకా చూసుకోకుండా ఆ మాట అనేశాడు. ఏ పనండీ అని తిర్జా తెల్లమొహం వేసింది. సంగతి తెలిశాక కడుపు పట్టుకుని నవ్వి, అయితే ప్రతి గురువారం మీ మేకలతో నడవనివ్వండి అంది.

అడిగినట్టే పదిహేనేళ్ళు వచ్చింది. ముత్లక్ పోయాక కూడా మానలేదు. ఇద్దరికీ క్షణం పడేది కాదు, క్షణం విడిచి ఉండేవారూ కాదు. నీ మోకాళ్ళకు ఈ గుట్టలెందుకే, ఎప్పుడో చస్తావు అని వస్ఫియ్యా తిట్టేది. నువ్వు చావవా ఏం, అని తిర్జా నవ్వేది.

ఆ గురువారం పైగుట్ట కావలివాళ్ళ పికప్ బండి, నిండా సిమెంటు పెళ్ళలు వేసుకుని బావి దగ్గరకు వచ్చింది. మళ్ళీ పూడ్చడానికే. తిర్జా పోయి బావి గట్టు మీద కూర్చుంది. వస్ఫియ్యా పది అడుగుల దూరంలో, ఈనబోతున్న మేకను పట్టుకుని ఉంది. బండి వెనక్కి వచ్చింది. తిర్జా లేవలేదు. అంతే.

ఆ తరువాత నోళ్ళకు పని దొరికింది. ముసలామె తడి రాయి మీద జారి పడి చనిపోయిందని పోలీసు స్టేషన్ వాళ్ళు రాసుకున్నారు. వర్షం పడి నెల దాటింది, తడి ఎక్కడినుంచి వచ్చిందో ఆ రాసినవాడికే తెలియాలి. పరాయివాళ్ళ బావి దగ్గర ఆమెకేం పని, కోరి తెచ్చుకుంది అని రేడియోలో ఎవరో అన్నారట. మా ఊళ్ళో మాత్రం? యూదురాలికి సంతాపపు కాఫీ ఏమిటని సగంమంది గొణిగారు. మిగతా సగంలో కుర్రకారు తిర్జా బొమ్మతో పోస్టరు వేస్తామని ఇంటికి వచ్చి, బండి రాకముందే నలుగురు సైనికులు ఆమెను తుపాకీ మడమలతో కొట్టారని రాస్తాం, నువ్వు చూశానని చెప్పు చాచీ అన్నారు. వస్ఫియ్యా చెప్పు తీసింది.

"సైనికులెక్కడున్నార్రా అక్కడ? నలుగురెక్కడున్నారు? జరిగింది చాల్లేదా మీకు, ఇంకా కలపాలా?"

కుర్రాళ్ళు పోయారు. ఆమె మాత్రం కాఫీ కాచింది. చక్కెర లేకుండా, చావింట్లో కాచినట్టే, మూడు రోజులు. వచ్చినవాళ్ళు వచ్చారు, రానివాళ్ళు మానారు. సాక్ష్యం చెబుతానని మొదటిరోజే అందరికీ వినపడేలా చెప్పేసింది. నాయిఫ్ తల దించుకుని కప్పుల్లో పోస్తూ తిరిగాడు. ఆ గురువారం అతను ఇంట్లోనే ఉన్నాడు. గుహ ముందు గది పైకప్పుకు రేకు బిగిస్తున్నానని, జనరేటర్ మోతలో ఏమీ వినపడలేదని అడిగినవాళ్ళందరికీ చెప్పాడు, తల్లికి కూడా. సరిహద్దు అవతల భవనాలకు టైల్స్ వేసే పని అతనిది. ఆ పనికి వెళ్ళే పర్మిట్ చొక్కా జేబులోనే ఉండేది.

మూడో రోజు మధ్యాహ్నం అబూ షాహెర్ వచ్చాడు. ముత్లక్‌కు పినతండ్రి కొడుకు, ఊరికి పెద్ద. వెంట ఆరుగురు పెద్దమనుషులు, అందరూ ఇస్త్రీ బట్టల్లో. ఓదార్చడానికి వచ్చినవాళ్ళు ఇస్త్రీ చేసుకుని రారు. వస్ఫియ్యాకు అప్పుడే అనుమానం వచ్చింది. నాయిఫ్ కాఫీ పోశాడు. అబూ షాహెర్ కప్పు అందుకుని, తాగకుండా, సరిగ్గా నాయిఫ్ ముందు చాప మీద పెట్టాడు. మిగతా ఆరుగురూ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

ఎంత తెలివి! ఆమె ఒప్పుకోదని తెలిసి ఇంటి మగవాడని కొడుకు ముందు పెట్టాడు.

విషయం మెల్లగా బయటికి వచ్చింది. స్టేషన్ నుంచి ఒకాయన అబూ షాహెర్‌కు ఫోన్ చేశాడట. జారిపడిందన్న మాట మీద ఊరు నోరు మూసుకుంటే ఊళ్ళోని ఇరవై మూడు పర్మిట్లూ ఉంటాయి, లేకపోతే ఒక్కటీ ఉండదు, మొదట పోయేది నాయిఫ్‌దే అన్నాడట.

"పోయినామె తిరిగిరాదు వదినా. ఉన్నోళ్ళ పొయ్యి ఆరకుండా చూసుకోవద్దూ? నిన్ను అబద్ధమాడమనట్లేదు. చూళ్ళేదని చెప్పు, చాలు."

"చూసి చూళ్ళేదనడం అబద్ధం కాదా? మరి దాన్నేమంటారయ్యా?"

అబూ షాహెర్ నాయిఫ్ వైపే చూశాడు. ఆ కుర్రాడి పెదవులు కదిలాయి. తాగు బాబాయ్ అన్నంత పని చేశాడు. ఇద్దరు ఆడపిల్లలున్నవాడు, ఎలా తప్పుపడతాం?

సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. నలభై ఏళ్ళ స్త్రీ, కళ్ళు వాచి ఉన్నాయి, చొక్కా గల్లా చించుకుని ఉంది. తల్లి పోతే యూదులు అలా చించుకుంటారు. ఏడు రోజులు ఇల్లు కదలకూడదు కూడా. అయినా కదిలి వచ్చింది. తిర్జా కూతురు అయెలెత్. ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు. గురువారాల గురించి తల్లీకూతుళ్ళు కొట్లాడుకునేవాళ్ళని తిర్జాయే చెప్పింది.

పెద్దమనుషులు సర్దుకుని చోటిచ్చారు. నాయిఫ్ కాఫీ పోసి ఇచ్చాడు. ఆమె కప్పు అందుకుంది. ఒక్కసారి గది అంతా చూసి, ఆ కప్పును వస్ఫియ్యా ముందు, చాప మీద పెట్టింది.

మొదట అందరూ పొరపాటనుకున్నారు. వస్ఫియ్యా కూడా. అయెలెత్ తన భాషలో మాట్లాడింది. ఆ భాష వచ్చినవాడు గదిలో నాయిఫ్ ఒక్కడే.

"కళ్ళద్దాల సంగతి వాళ్ళమ్మ ఇంట్లో వందసార్లు చెప్పిందట," అన్నాడు అతను నేల చూస్తూ. "ఈమె కళ్ళద్దాల కోసం పెట్టలేదట. వాళ్ళన్నయ్యేమో అమ్మ జారిపడిందంటున్నాడట, పేపర్లో ఒకటి, టీవీలో ఒకటి వస్తోంది. ఎవరి జెండా మీదా తన తల్లి బొమ్మ వద్దట. నువ్వేం చూశావో అదే కావాలట. చెప్పేదాకా తాగదట."

చాప మీద రెండు కప్పులు. ఒకటి నోరు మూసుకోమని, ఒకటి విప్పమని. ఒకటి తాగిస్తే రెండోది చల్లారవలసిందే. ఇంటికి వచ్చిన పెద్దల కప్పును చల్లారనిచ్చిన ఇల్లు మా ఊళ్ళో లేదు. వస్ఫియ్యాకు ఆ క్షణం భయం వేసింది. ఊరంటే కాదు, కొడుకు మొహం చూసి. ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగని కొడుకు, ఇప్పుడు కూడా అడగడం లేదు.

ఆమె వంగి అబూ షాహెర్ కప్పును పక్కకు జరిపింది.

"ఇల్లు నాది, కాఫీ నాది, చూసిన కళ్ళూ నావే," అంది. అయెలెత్ వైపు తిరిగింది. "తాగమ్మా. నువ్వొచ్చిన పని అయినట్టే."

తరువాత చెప్పడం మొదలుపెట్టింది. తిర్జా గట్టు మీద ఎలా కూర్చుందో, ఒళ్ళో ఎండు పెరుగు ఉండల సంచి ఎలా పెట్టుకుందో, బండి ఎటు తిరిగిందో. నాయిఫ్ ముక్కముక్కగా అటు చెబుతున్నాడు. అయెలెత్ మధ్యలో ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. బండివాడు అమ్మను చూశాడని మీకెలా తెలుసు?

"హారన్ కొట్టాడమ్మా. రెండుసార్లు. కనబడని మనిషికి ఎవడైనా హారన్ కొడతాడా? లెమ్మని కొట్టాడు. ఆమె లేవనని చెయ్యి ఊపింది. అప్పుడొచ్చాడు వెనక్కి."

నాయిఫ్ ఆగిపోయాడు. ఆ మాట తన నోటి నుంచి అవతలికి పోతే మళ్ళీ చెక్‌పోస్టు దాటేది లేదని అతనికి తెలుసు. గదిలో అందరికీ తెలుసు.

"ఒరే, పిల్లల్ని తలుచుకో," అన్నాడు అబూ షాహెర్ మెల్లగా.

నాయిఫ్ కాఫీ కూజా కింద పెట్టాడు. చెప్పాడు. తల్లి అన్నదానికంటే చాలాసేపు చెప్పాడు, అయెలెత్ కళ్ళలోకి చూస్తూ. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. చాలాసేపటికి కప్పు తీసుకుని, చల్లారిన కాఫీని ఒక్క గుక్కలో తాగేసింది. పెద్దమనుషులు ఒక్కొక్కరే లేచారు. అబూ షాహెర్ అందరికంటే చివర చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

అయెలెత్‌ను రోడ్డు దాకా దింపి వచ్చాక వస్ఫియ్యా కొడుకును నిలదీసింది.

"నేనన్నది నాలుగు ముక్కలు. నువ్వంతసేపు ఏం చెప్పావురా?"

నాయిఫ్ కప్పులు కడుగుతున్నాడు. తల ఎత్తలేదు.

"జనరేటర్ ఆరోజు వెయ్యలేదు యమ్మా. డీజిల్ లేదు. హారన్ నేనూ విన్నాను. రెండుసార్లు. అదే చెప్పాను. నా పేరు కూడా చెప్పాను, రాసుకోమని."

వస్ఫియ్యా నోట మాట రాలేదు. ఆమె జీవితంలో అలా జరగడం అదే మొదలని మేమంతా ఇప్పటికీ అంటాం. తరువాత వచ్చి అతని చేతిలోంచి అబూ షాహెర్ కప్పు లాక్కుని, నిండా ఉన్న కాఫీ గుమ్మం బయట పారబోసింది.

"మూడు రోజులు కడుపులో పెట్టుకుని తిరిగావా గాడిదా," అంది. "రేపు పొద్దున్నే స్టేషన్‌కు పోవాలి, ఇద్దరం. గడ్డం గీసుకో."