నేను తెచ్చిన పొన్నగంటి

నా మీద నాకు అసహ్యం. ఏళ్లుగా దాన్ని మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

తణుకు దగ్గర ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. పక్కింటి సుభద్రమ్మగారికి చూపు మసకబారుతుంటే, కళ్లకు మంచిదని కాలువ గట్టున పొన్నగంటి కూర కోసి, వేళ్లున్న కాడలు కొన్ని ఇచ్చాను. ఆవిడ తన చేను పక్క మురుగు బోదె ఒడ్డున నాటుకున్నారు. కొన్నాళ్లకు తెల్లటి పూలు వచ్చాయి. పొన్నగంటి పువ్వు కణుపుకే అంటుకుని ఉంటుంది. వీటికి పొడుగాటి కాడలున్నాయి. తుంచి చూశాను. కాండం లోపల డొల్ల. ఎలిగేటర్ వీడ్. బోర్డు మీద బొమ్మ వేసి మరీ పిల్లలకు నేను చెప్పే విదేశీ కలుపు. చిన్న ముక్క పడినా నీళ్లంతా అల్లుకుపోతుంది.

ఆ రోజే పీకించాల్సింది. బోటనీ మేడమ్‌కే మొక్క తెలియలేదని ఊళ్లో నవ్వుకుంటారని ఊరుకున్నాను. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఎన్నిసార్లు వెతుక్కున్నానో.

వానలకు ఆ కలుపు అడ్డుపడి బోదెలో నీళ్లు కదల్లేదు. ఆవిడ వరి నీట మునిగి కుళ్లింది. అందరితో పాటు నేనూ ఆ కలుపు లాగాను. నల్లటి జిగురు, కుళ్లు కంపు.

"ఇదెక్కణ్ణుంచి వచ్చిందమ్మా? నువ్విచ్చిన పొన్నగంటి కాదు కదా?" అని గట్టు మీద నుంచి ఆవిడ అడిగారు.

"అది కాదండి. పైనుంచి కొట్టుకొచ్చుంటుంది."

పైన ఉన్నది ఆవిడ మరిది చేపల చెరువు. అందులోని చెత్తంతా అతను బోదెలోకి తోయిస్తాడని ఆవిడకు ముందే అనుమానం. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. తెలిసే అన్నాను.

ఆవిడ నిలదీస్తే, తన చెరువుది కాదని అతను పిల్లల మీద ఒట్టేశాడు. ఆవిడ నమ్మలేదు. చదువుకున్న మేడమ్ చెప్పింది కదా మరి. మాటలు ఆగిపోయాయి. తర్వాత గుండె ఆగి అతను పోయాడు. ఆవిడ చావింటికి వెళ్లలేదు. "తప్పు ఒప్పుకునుంటే వెళ్లేదాన్నమ్మా" అని మా వాకిట్లో కూర్చుని నాతోనే అన్నారు. నేను లోపలికెళ్లి, చక్కెర సరిపోయిందో లేదో రుచి చూసి మరీ, ఆవిడకు కాఫీ తెచ్చిచ్చాను.

ఆవిడతో చెబుతానా? తెలియదు. అతనితో చెప్పే వీలు ఇక లేదు.

కలుపు తెచ్చింది నేను. తెలిశాక దాచింది నేను. అతని మీదికి నెట్టింది నేను. ఇది రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది.