బొమ్మలు నేర్చుకోవడానికి వెళ్ళిన సిస్టరమ్మ

సిస్టరమ్మకు బొమ్మలు వేయడం రాదు. చిన్నప్పుడు బడిలో ఏనుగును వేస్తే, టీచరు అటూ ఇటూ తిప్పి చూసి "ఇదేంటి, బస్సా?" అని అడిగింది. ఆ తరవాత ఆవిడ మళ్ళీ రంగుల జోలికి పోలేదు. అలాంటి మనిషి పెట్టె సర్దుకుని, ఊరికి దూరంగా ఉన్న ఒక పాత ఎస్టేటుకు, ఇంప్రెషనిస్టు పద్ధతిలో చిత్రాలు వేయడం నేర్పే శిబిరానికి వెళ్ళిందంటే, అది చెల్లెలి పుణ్యం. చెల్లెలు తన కోసం పేరు రాయించుకుంది. తీరా సమయానికి ఆఫీసులో సెలవు దొరకలేదు.

"నువ్వెళ్ళక్కా," అంది చెల్లెలు.

"నాకు గీత కూడా తిన్నగా గీయడం రాదే."

"గీతలతో పనే లేదట అక్కడ. అన్నీ చుక్కలూ మరకలూనే అట. బొమ్మ వేయకపోతే పోయె, అయిదు రోజులు పడుకుని రా. నీ మొహం చూస్తుంటే పేషెంట్లే నిన్ను పరామర్శించేలా ఉన్నారు."

సిస్టరమ్మ పెద్దాసుపత్రిలో నర్సు. మొదట ఆపరేషన్ థియేటర్లో, తరవాత వార్డులో, ఇరవై ఏళ్ళ పైమాటే. డ్యూటీ దిగి ఇంటికొస్తే ఆసుపత్రి ఆవిడ వెంటే వచ్చేది. మెట్ల మీద పక్కింటాయన బీపీ మిషను పట్టుకుని నిలబడి ఉండేవాడు. పెళ్ళికి వెళితే పెళ్ళికూతురి మేనత్త మూలకు తీసుకెళ్ళి నాలుక చాపి చూపించేది. పాలు పోసే మనిషి గిన్నెలో పాలతో పాటు తన కడుపులో మంట సంగతి కూడా పోసి వెళ్ళేవాడు. ఎవరినీ కాదనడం ఆవిడకు చేతకాలేదు. ఈ మధ్య ఒకరోజు ఇంటి తాళంచెవిని థర్మామీటర్ల గ్లాసులో వేసేసి, ఇంటికొచ్చి థర్మామీటరుతో తలుపు తీయబోయింది. తలుపు ముందే మెట్టు మీద కూర్చుని నవ్వుకుంది. నవ్వు ఆగాక లేవడానికి కాళ్ళు రాలేదు.

అందుకే బస్సులో కూర్చున్నప్పుడే ఒకటి గట్టిగా అనుకుంది. ఈ అయిదు రోజులూ తను ఎవరికీ నర్సు కాదు.

ఎస్టేటు బాగా పాతది. ఎత్తైన కిటికీలు, సున్నం పొరలు పొరలుగా ఊడుతున్న గోడలు, మెట్ల పక్కన వరసగా ఒకప్పటి యజమానుల తైలచిత్రాలు. అందరి మొహాల్లోనూ అజీర్తి. వెనక పళ్ళతోట, దాని చివర నాచు పట్టిన చెరువు. గుర్రాలశాలను శుభ్రం చేసి బొమ్మల గది చేశారు. మొదటి పొద్దున అందరినీ అక్కడే చుట్టూ కూర్చోబెట్టి, చిత్రాలు నేర్పే మాస్టారు ఒక్కొక్కరినీ ఎవరు, ఏం చేస్తారు అని అడిగారు.

తెల్లమీసాల పెద్దమనిషి ఒకాయన లేచి, తాను రిటైరైన ఇంజనీరునని ఒక్కముక్కలో తేల్చేసి, తన కుడి మోకాలి గురించి చాలాసేపు చెప్పాడు. తరవాత వంతు సిస్టరమ్మది.

"బట్టలు కుడతానండీ," అనేసింది.

పక్కనే కూర్చున్న ముసలావిడ తల తిప్పి చూసింది. సన్నగా, నిటారుగా ఉండే మనిషి, కాళ్ళకు కొత్త కాన్వాసు బూట్లు. సిస్టరమ్మకూ ఆవిడకూ ఒకటే గది ఇచ్చారు. అందరూ మామ్మగారు అనేవాళ్ళు. తన గురించి మాత్రం ఆవిడ "నాదేముంది, మనవరాలు పంపితే వచ్చాను," అని ఊరుకుంది.

ఆ పూట నుంచి సిస్టరమ్మ టైలరమ్మ అయింది.

మాస్టారు అందరి పెట్టెల్లోంచీ నల్లరంగు ట్యూబులు ఏరి తన జేబులో వేసుకున్నారు. "నీడలో నలుపు ఉండదు. వస్తువును వదిలేయండి, దాని మీద పడే వెలుగును పట్టుకోండి. త్వరగా వేయండి, అది మన కోసం ఆగదు," అన్నారు. తోటగోడ కింద నీడను చూపించి, అందులో ఏ రంగులున్నాయో చెప్పమన్నారు. అందరూ బూడిదరంగు అన్నారు.

సిస్టరమ్మ ఆలోచించకుండానే అంది, "మధ్యలో ఊదా, అంచుల్లో ఆకుపచ్చ, కొంచెం పసుపు. కమిలిన దెబ్బ మూడోరోజుకు ఉన్నట్టు."

"అమ్మో, టైలరమ్మకు దెబ్బల సంగతి ఎలా తెలుసో," అన్నాడు ఇంజనీరుగారు.

"సూదులతో పని కదండీ," అని తల దించుకుంది.

చూడగలిగినంత మాత్రాన చెయ్యి వినలేదు. ఆవిడ చెరువును వేయబోతే తడిసిన గోనెసంచిలా వచ్చింది. రంగు కలిపేలోపు వెలుగు జరిగిపోయేది. మళ్ళీ కలిపేది, మళ్ళీ జరిగేది. ఎండ వీపుకు తగులుతుంటే కుంచె చేతిలో ఉండగానే కునుకు పట్టేసేది. లేచేసరికి చెరువు ఇంకో రంగులో ఉండేది.

"లేపొచ్చు కదా మాస్టారూ," అనేది సిగ్గుపడుతూ.

"వెలుగు రేపూ వస్తుంది లెండి. మీకు నిద్ర మళ్ళీ ఎప్పుడొస్తుందో," అనేవారు ఆయన.

రెండోరోజు ఇంజనీరుగారు కోటు పట్టుకొచ్చాడు. గేటు మేకుకు తగులుకుని జేబు పక్కన బారెడు చిరిగింది.

"టైలరమ్మా, మా ఆవిడ చూసిందంటే నన్నే చింపుతుంది. కాస్త కుట్టిపెట్టు."

కాదనడానికి దారి లేదు. ఎస్టేటు వంటావిడ దగ్గర సూదీ దారం తెచ్చుకుంది. సూది వేళ్ళ మధ్య నిలవలేదు. రంగుల పెట్టెలో ఉన్న చిన్న పటకారుతో సూదిని పట్టుకుంది, అప్పుడు చెయ్యి తనకు తెలిసిన పనిలో పడింది. ఒక కుట్టు వేసి, ముడి వేసి, కత్తిరించింది. పక్కన ఇంకో కుట్టు, ఇంకో ముడి. కోటు మీద నల్లచీమలు బారులు తీరినట్టు ముడులు లేచాయి.

"గట్టిగానే ఉంది. ఇదేం ఫ్యాషనమ్మా?" అన్నాడు ఇంజనీరుగారు.

"కొత్తది," అంది సిస్టరమ్మ.

మామ్మగారు కోటు అందుకుని ముడుల మీద బొటనవేలు నెమ్మదిగా నడిపింది. "బాగుందమ్మాయ్, ఇక ఊడదు," అని తిరిగి ఇచ్చేసింది.

ఆ తరవాత రోజులు సుఖంగానే గడవాల్సింది. గదికి ఎవరూ రాలేదు, ఎవరూ నాలుక చాపలేదు. ఇంజనీరుగారు మోకాలి కథ వంటావిడకు చెప్పుకోసాగాడు. కానీ సిస్టరమ్మ కళ్ళకు సెలవు ఇవ్వడం కుదరలేదు. మామ్మగారు మూడోరోజు చెరువు దాకా రాకుండా దారిలోనే బల్ల మీద కూర్చుండిపోయింది. పడుకునేటప్పుడు కూడా మేజోళ్ళు విప్పలేదు. మెట్లు దిగేటప్పుడు ఎడమకాలిని ముందు ఆనించి, కుడికాలిని దాని పక్కకు జాగ్రత్తగా చేర్చుకుంటోంది. భోజనం ముందు సంచిలోంచి మాత్ర తీసి మింగుతోంది. ఆ మాత్ర ఏమిటో సిస్టరమ్మకు గది అవతల నుంచి కూడా తెలుసు. అది చక్కెర జబ్బుది.

అడిగితే కాలు చూడాలి. చూస్తే కడగాలి, కట్టు కట్టాలి. ఆ కట్టు సంగతి సాయంత్రానికల్లా ఎస్టేటంతా తెలుస్తుంది. మర్నాటికి వచ్చేవాళ్ళు కూర్చోవడానికి గది ముందు బల్ల వేయాల్సి వస్తుంది. పెద్దావిడే కదా, నొప్పి ఉంటే చెప్పదా అని తనకు తాను సర్దిచెప్పుకుని, సిస్టరమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. అటు తిరిగినా నిద్ర సరిగా పట్టలేదు.

నాలుగోరోజు పొద్దున అందరూ తోటలో బొమ్మలు మొదలుపెట్టారు. మామ్మగారు స్టూలు మీద కూర్చుని తెల్లకాగితం వైపు చూస్తోంది. కుంచె ముంచనే లేదు. కింద పడ్డ గుడ్డను అందిస్తూ సిస్టరమ్మ ఆవిడ చేతిని తాకింది. పెనం మీద వేలు పెట్టినట్టయింది. గడ్డిలో కూర్చుని ఆవిడ బూటు విప్పింది, మేజోడు విప్పబోతే అది కాలికి అంటుకుని ఉంది. నీళ్ళు పోసి నానబెట్టి తీసింది. మడమ మీద కొత్త బూటు కొరికిన చోట బొబ్బ చితికి పుండయింది. ఎర్రదనం చీలమండ దాటి పైకి పాకుతోంది.

"ఎన్నాళ్ళయింది మామ్మగారూ?"

"వచ్చిన రోజే కొరికింది."

"మరి చెప్పొద్దా? చక్కెర ఉన్న మనిషి కాలిని ఇలా వదిలేస్తారా? కాలు పోతే ఏం చేస్తారు?" సిస్టరమ్మ గొంతు వార్డులో వినిపించే గొంతయిపోయింది. చుట్టూ కుంచెలు ఆగిపోయాయి.

"అరవకమ్మాయ్. నువ్వు నర్సువని కోటు కుట్టిన రోజే నాకు తెలుసు. నలభై ఏళ్ళు బట్టలు కుట్టి పిల్లల్ని పెంచాను నేను. గుడ్డకు అలా ముడులేసేవాళ్ళెవరూ ఉండరు, మనుషులకేస్తారు. పైగా పొద్దున్నే నా ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తున్నావు. బతికున్నానని చెబుదామనుకున్నాను, నువ్వు బెదురుతావని ఊరుకున్నా."

"తెలిసి కూడా కాలు చూపించలేదా?"

"నువ్వేమో దాక్కుంటున్నావు. స్టూలు మీదే నిద్రపోతున్నావు. ఈ నాలుగు రోజులైనా పడుకోనీలే అనుకున్నా తల్లీ. బొబ్బే కదా, ఇంతవుతుందనుకోలేదు."

నేను చూశాను మామ్మగారూ, చూసి అటు తిరిగి పడుకున్నాను, అన్న మాట సిస్టరమ్మ నోటి దాకా వచ్చింది. చెప్పేసింది. మామ్మగారు ఆవిడ తల మీద చెయ్యి వేసి, "సరే, ఇద్దరం ఇద్దరమే," అంది.

మాస్టారు కారు తీశారు. దగ్గర్లోని టౌనులో డాక్టరు పుండు శుభ్రం చేసి, ఇంజెక్షను ఇచ్చి, మందులు రాశాడు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే ఆసుపత్రిలో పడుకోబెట్టాల్సి వచ్చేదన్నాడు. దారంతా మామ్మగారి కాలు సిస్టరమ్మ ఒళ్ళోనే ఉంది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి వార్త ఎస్టేటంతా తిరిగేసింది. వంటావిడ గుమ్మంలోనే ఎదురై, ముందు మామ్మగారికి గంజి తెస్తానంది, తరవాత తన భుజం ఎత్తలేకపోతున్నానంది. మామ్మగారిని చెట్టు కింద కూర్చోబెట్టి, కాలిని ఎత్తుగా పెట్టి, సిస్టరమ్మ తన బొమ్మ ముందు కూలబడింది. పొద్దుటి రంగులు, కలుపుకునే పలక మీద పొర కట్టేశాయి. ఇంజనీరుగారు మోకాలి దాకా ప్యాంటు మడిచి కుంటుకుంటూ వచ్చాడు.

"ఎంత పని చేశావు టైలరమ్మా. ఇన్నాళ్ళూ నర్సును పక్కన పెట్టుకుని నేను వంటావిడకు చెప్పుకుంటున్నాను. ఇదిగో, ఇక్కడ నొక్కి చూడు, టిక్కుమంటుంది."

సిస్టరమ్మ చెయ్యి అలవాటుగా లేచింది. మోకాలి దాకా వెళ్ళి ఆగింది. ఆ మోకాలి వయసెంతో, అది ఎన్నాళ్ళుగా టిక్కుమంటోందో ఆవిడ మొదటి రోజే విని ఉంది. అది ఈ రోజుకు ఆగగలదు. మామ్మగారి కాలు ఆగలేదు. ఈ రెంటికీ తేడా వార్డులో రోజూ చూసేదే. తన విషయంలోనే ఎన్నడూ చూసుకోలేదు.

"అవునండీ, నర్సునే," అంది. "ఈ రెండు రోజులూ మామ్మగారికి మాత్రం నర్సును. మీరు ఊరెళ్ళాక ఎముకల డాక్టరుకు చూపించుకోండి."

"నొక్కి చూడ్డానికి ఏం పోయింది?"

"నాకు ఓపిక లేదండీ."

ఆ మాట ఆవిడ నోట్లోంచి ఇంతకుముందు ఎన్నడూ బయటికి రాలేదు. ఇంజనీరుగారు మడిచిన ప్యాంటు కిందికి దించుకున్నాడు. కొంచెం కోపంగానే వెళ్ళాడు. రెండడుగులు వేశాక కుంటడం మానేశాడు.

మామ్మగారు కళ్ళు మూసుకునే నవ్వింది.

సిస్టరమ్మకు గెలిచినట్టేమీ అనిపించలేదు. పాపం పెద్దాయన, ఒకసారి నొక్కితే పోయేది కదా అనుకుంది. మళ్ళీ పిలుద్దామా అని కూడా అనుకుంది, పిలవలేదు. చెరువు మీద వెలుగు అప్పటికే సన్నబడింది. కొత్తగా రంగు కలిపే శక్తి లేక, స్టూలు వదిలి గడ్డి మీద మామ్మగారి పక్కన వాలింది. ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం తగ్గుతోంది.

"మాత్ర వేళకు లేపండి నన్ను," అంది.

"లేపుతాలే, పడుకో," అంది మామ్మగారు.